వెయ్యి కనెక్షన్లకు మైక్రోటిక్ సీసీఆర్2116: ఏ పని ఇవ్వాలి, ఏ పని ఇవ్వకూడదు

హైదరాబాద్‌లో కేబుల్ వ్యాపారం నుంచి సొంత ఐఎస్పీ (ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ) లైసెన్సు వైపు వెళ్లేవాళ్ల కొటేషన్లలో ఈ రౌటర్ పేరు దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. పెట్టెమీది పోర్టులు, కోర్ల సంఖ్య చూసి ‘ఒక్కటి కొంటే అన్నీ చేసేస్తుంది’ అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. ముందే తేల్చి చెప్పాలంటే: కొనండి, కానీ రెండు కొనండి. వాటికి పీపీపీఓఈ (కస్టమర్లు పేరు, పాస్‌వర్డుతో లాగిన్ అయ్యే పద్ధతి), న్యాట్ (ఒక పబ్లిక్ ఐపీని చాలామందికి పంచడం), స్పీడు కట్టడి మాత్రమే అప్పగించండి. బీజీపీకి (బయటి నెట్‌వర్కులతో దారులు మార్చుకునే పనికి) వేరే పెట్టె పెట్టండి, లాగులకు (ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్లారన్న రికార్డులకు) వేరే సర్వరు పెట్టండి. అలా వాడితే ఈ ధరలో దీనికి సాటి దొరకడం కష్టం. అన్నీ దీని నెత్తినే పెడితే మాత్రం, రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు మోగినప్పుడు తప్పు ఎక్కడుందో కూడా తేలదు.

పెట్టెలో ఏముందో చూద్దాం. 2 గిగాహెర్ట్జ్‌తో నడిచే 16 కోర్ల ఆర్మ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 ఎస్ఎఫ్‌పీ ప్లస్ (10 గిగాబిట్) పోర్టులు, 13 గిగాబిట్ పోర్టులు. ఆ పదమూడోది మేనేజ్‌మెంట్ కోసం విడిగా ఇచ్చింది, దాన్ని అందుకే వాడండి. కరెంటు ఇన్‌పుట్లు రెండు. లోపల ఒక ఎం.2 స్లాట్ ఉంది. లైసెన్సు లెవెల్ 6, అంటే పీపీపీఓఈ సెషన్ల సంఖ్యకు హద్దు లేదు. లెవెల్ 4కి 200, లెవెల్ 5కి 500 హద్దు ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కంపెనీ సూచించిన ధర 995 డాలర్లు. ఇక్కడికి వచ్చేసరికి సుంకాలు, జీఎస్టీ కలిసి ఎక్కువే అవుతుంది.

ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించే మాట హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్. మార్వెల్ స్విచ్ చిప్ రౌటింగును ప్రాసెసర్ దాకా రానివ్వకుండా తానే చేసేస్తుందన్నది నిజమే. కానీ ఆ సౌకర్యం పీపీపీఓఈ సెషన్లకు వర్తించదు. న్యాట్‌కు కొంత వర్తిస్తుంది, అదీ కొన్ని వేల కనెక్షన్ల వరకే. ఇంటికి ఒకేసారి 250 కనెక్షన్లు తెరిచి ఉంటాయని లెక్క వేసుకున్నా వెయ్యి ఇళ్లకు రెండున్నర లక్షలు. కాబట్టి మన పనికి ఆ చిప్పును స్విచ్చుగానే చూడాలి, అసలు బరువంతా 16 కోర్లే మోస్తాయి. వేగం అంచనా కూడా కంపెనీ పట్టికలోని పెద్ద అంకెను చూసి కాకుండా, అదే పట్టికలో 25 సింపుల్ క్యూలు (స్పీడు కట్టడి వరుసలు), 25 ఫైర్‌వాల్ నియమాలు పెట్టి కొలిచిన వరుసలను చూసి వేసుకోండి.

ఫాస్ట్‌ట్రాక్ (తనిఖీలు తప్పించి ప్యాకెట్లను త్వరగా దాటించే సౌకర్యం) సంగతి ఇంకా ముఖ్యం. సీపీయూ తగ్గుతుందని చాలామంది ఆ ఒక్క నియమం పెట్టి వదిలేస్తారు. ఫాస్ట్‌ట్రాక్‌లో పడిన ప్యాకెట్ సింపుల్ క్యూను దాటేసి పోతుంది. అంటే 50 ఎంబీపీఎస్ ప్లాన్ కస్టమరుకు హద్దు లేని వేగం వస్తుంది. ఐఎస్పీ రౌటర్‌లో ఆ నియమానికి చోటు లేదు.

ఇప్పుడు అమరిక. వెయ్యి కనెక్షన్లకు పీక్‌లో సగటున ఇంటికి 2.5 ఎంబీపీఎస్ పెట్టుకుంటే 2.5 జీబీపీఎస్. పోర్టుకు 64 ఇళ్ల విభజనతో 16 పాన్ పోర్టుల జీపాన్ ఓఎల్‌టీ (ఇళ్లకు వెళ్లే ఫైబర్లన్నీ చేరే పెట్టె) ఒకటి సరిగ్గా 1,024 ఇళ్లకు వస్తుంది. ప్రతి పాన్ పోర్టుకూ ఒక వీల్యాన్ (విడి వర్చువల్ నెట్‌వర్కు) ఇచ్చి, కస్టమర్ల మధ్య ఐసొలేషన్ పెట్టి, 10జీ అప్‌లింకుతో సీఆర్ఎస్317 లాంటి 16 ఎస్ఎఫ్‌పీ ప్లస్ పోర్టుల స్విచ్చుకు చేర్చండి. ఆ వీల్యాన్లన్నీ రెండు 2116లకూ వెళ్లాలి. రెండింటిలోనూ పీపీపీఓఈ సర్వర్ నడవాలి. ఏది ముందు జవాబిస్తే కస్టమరు అందులో ఎక్కుతాడు కనుక బరువు దానంతటదే పంచుకుంటుంది. ఒకటి పడిపోతే అందరూ రెండోదానికి మళ్లీ డయల్ చేస్తారు. స్క్రిప్టులు, వర్చువల్ ఐపీలు ఏమీ అక్కర్లేదు. షరతు ఒక్కటే: ప్రతి పెట్టె దగ్గరా మొత్తం 1,024 మందికి సరిపడా ప్రైవేట్ ఐపీలు, పబ్లిక్ ఐపీలు విడివిడిగా ఉండాలి.

బీజీపీకి సీసీఆర్2004 సరిపోతుంది, 12 ఎస్ఎఫ్‌పీ ప్లస్ పోర్టులున్న మోడల్. రెండు అప్‌స్ట్రీముల (మీకు ఇంటర్నెట్ అమ్మే పెద్ద సంస్థల) నుంచి డిఫాల్ట్ రూటు, ఎక్స్ఛేంజి (నెట్‌వర్కులు నేరుగా ట్రాఫిక్ మార్చుకునే చోటు) నుంచి దాని రూట్లు తీసుకుంటే చాలు, దాదాపు పది లక్షల రూట్ల పూర్తి పట్టిక చిన్న ఐఎస్పీకి అనవసరం. అందులో న్యాట్ పెట్టకండి, కనెక్షన్ ట్రాకింగ్ ఆపేయండి. అప్పుడు ఎవరైనా దాడి ట్రాఫిక్ పంపినా కనెక్షన్ల పట్టిక నిండిపోవడం అనే సమస్యే ఆ అంచు దగ్గర రాదు. బోర్డర్, అంటే ఈ బీజీపీ పెట్టె, ఒకటే కాబట్టి అదే మోడల్ ఇంకొకటి కాన్ఫిగరేషన్ ఎక్కించి బీరువాలో ఉంచుకోవాలి. జాతీయ ఎక్స్ఛేంజి నిక్సీకి హైదరాబాద్‌లో నోడ్ ఉంది, ప్రైవేటు ఎక్స్ఛేంజీలూ ఉన్నాయి. మీ ట్రాఫిక్‌లో పెద్ద వాటా వీడియోదే కాబట్టి ఎక్స్ఛేంజి పోర్టు మొదటి రోజు నుంచే పెట్టుకుంటే అప్‌స్ట్రీం బిల్లు తగ్గుతుంది. ఒక అప్‌స్ట్రీం తెగినా రెండోది పీక్ మోయగలిగేలా కొనండి, సగం సగం కొంటే రెండు కొన్న ఫలం దక్కదు.

న్యాట్ లెక్క ఈ సమీక్షలో నిదానంగా చూడాల్సిన చోటు. ఐఆర్ఐఎన్ఎన్ (దేశంలో ఐపీ అడ్రసులు కేటాయించే సంస్థ) నుంచి కొత్త సభ్యుడికి దొరికేది గరిష్ఠంగా ఒక /23, అంటే 512 ఐపీవీ4 అడ్రసులు. వెయ్యి మందికి ఒక్కొక్కటి ఇవ్వడం కుదరదు, కాబట్టి పంచుకోవాలి. దీని కోసం ప్రత్యేకంగా కేటాయించిన 100.64.0.0/10 వాడండి. కస్టమరు ఇంటి రౌటర్ లోపల 192.168 లేదా 10తో మొదలయ్యే అడ్రసులు ఉంటాయి కాబట్టి మీరూ అవే వాడితే ఎక్కడో చోట గుద్దుకుంటాయి. మొదటి 2116కి 100.64.0.0/22, రెండోదానికి 100.64.4.0/22 ఇవ్వండి. ఒక్కో /22లో 1,024 అడ్రసులు. వాటికి ఒక్కో /26 పబ్లిక్ బ్లాకు, అంటే 64 అడ్రసులు. ఒక్కో పబ్లిక్ ఐపీని 16 మంది పంచుకుంటారు. 1,024 నుంచి 65,535 దాకా ఉన్న 64,512 పోర్టులను పదహారుతో భాగిస్తే మనిషికి 4,032. మామూలు ఇంటికి ఇది ధారాళం. రెండు /26లకు కలిపి 128 అడ్రసులు పోగా మిగిలిన 384 వ్యాపార కనెక్షన్లకు, సర్వర్లకు, రేపటి పెరుగుదలకు.

ఇలా ప్రతి కస్టమరుకూ పోర్టుల పరిధి కట్టేస్తే టీసీపీ, యూడీపీలకు చెరొకటి చొప్పున 2,048 నియమాలు అవుతాయి. అన్నీ ఒకే గొలుసులో (చైన్, అంటే నియమాల జాబితాలో) వరుసగా పెడితే, చివర ఉన్న కస్టమరు కొత్త కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ రెండు వేల నియమాలు దాటాలి. పబ్లిక్ ఐపీకి ఒక గొలుసు చొప్పున 64 చేసి, అసలు గొలుసులో వాటికి పంపే జంప్ నియమాలు మాత్రమే ఉంచండి. అప్పుడు ఎంత చివరివాడికైనా వందలోపే తేలిపోతుంది. పోర్టులు లేని ఐసీఎంపీకి ప్రతి గొలుసులోనూ విడిగా ఒక నియమం పెట్టడం మరిచిపోకండి, లేకపోతే నెట్ నడుస్తుంది కానీ పింగ్ వెళ్లదు. ఇంత పని వద్దనుకుని 64 అడ్రసుల పరిధి మొత్తాన్ని ఒకే నియమంలో ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అలాగైతే కనీసం ‘సేమ్’ అనే యాక్షన్ వాడాలి. లేకపోతే ఒకే ఇంటి కనెక్షన్లు వేరువేరు పబ్లిక్ ఐపీల నుంచి బయటికి వెళ్లి, బ్యాంకు సైటు మధ్యలో లాగవుట్ చేసేస్తుంది. కస్టమరు మాత్రం ‘మీ నెట్‌లోనే ఏదో ఉంది’ అంటాడు, అతను చెప్పేది నిజమే. మాస్కరేడ్ యాక్షన్ జోలికి పోవద్దు. టీసీపీ ఎస్టాబ్లిష్డ్ టైమవుట్ డిఫాల్టుగా ఒక రోజు ఉంటుంది. దాన్ని 2 గంటల 10 నిమిషాలకు దించండి, చచ్చిన కనెక్షన్లు పట్టికలో కూర్చోవు. పబ్లిక్ బ్లాకులకు బ్లాక్‌హోల్ రూట్లు (వచ్చిన ప్యాకెట్లను పారేసే దారులు) వేయండి. వాడని అడ్రసుకు వచ్చిన ప్యాకెట్లు బోర్డరుకూ అప్‌స్ట్రీంకూ మధ్య తిరుగుతూ లింకును నింపేసే జబ్బు దానితో పోతుంది.

విదేశీ వ్యాసాల్లో ‘పోర్టుల పరిధి కట్టేశాక లాగు అక్కర్లేదు’ అని రాస్తారు. ఆ సలహా ఇక్కడ పనికిరాదు. మన లైసెన్సు ప్రకారం ఐపీ వివరాల రికార్డులు రెండేళ్లు దాచాలి, 2021 డిసెంబరు సవరణతో ఆ గడువు వచ్చింది. ఎవరు ఏ పబ్లిక్ ఐపీ, ఏ పోర్టు మీద, ఏ గమ్యానికి, ఏ సమయంలో వెళ్లారో చెప్పగలగాలి. పోర్టుల పరిధి వల్ల వెతకడం తేలిక అవుతుంది, రాయడం మాత్రం తప్పదు.

2116 నిజంగా ఇబ్బంది పడేది ఇక్కడే. ఫైర్‌వాల్ నియమంలో లాగ్ టిక్ పెట్టి సిస్‌లాగ్‌గా పంపితే ప్రతి కొత్త కనెక్షనుకూ ఒక అక్షర వరుస తయారు చేయాలి. పీక్‌లో ఆ పని రౌటింగు పనితో పోటీ పడుతుంది. దాని బదులు ట్రాఫిక్ ఫ్లోను (కనెక్షన్ల సారాంశ రికార్డులను) ఐపీఫిక్స్ అనే ప్రామాణిక రూపంలో, న్యాట్ ఈవెంట్స్ ఆన్ చేసి పంపండి. అవతల సర్వరులో ఎన్ఎఫ్‌డంప్ అనే సాఫ్ట్‌వేర్ అందుకుంటుంది. జాగా లెక్క ఇలా వేసుకోవచ్చు: ఇంటికి రోజుకు 30,000 కనెక్షన్లు అనుకుంటే వెయ్యి ఇళ్లకు 3 కోట్లు, రికార్డుకు 150 బైట్లయితే రోజుకు 4.5 జీబీ, 730 రోజులకు 3,285 జీబీ. మొదటి వారం అసలు అంకె కొలిచి దీన్ని సరిచేసుకోండి. 8 టీబీ డిస్కులు రెండు మిర్రర్‌గా పెట్టుకుంటే కంప్రెస్ చేయకపోయినా రెట్టింపు పెరుగుదలకు చోటుంటుంది. రౌటర్‌లోని ఎం.2 స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెట్టి అక్కడే లాగులు దాచే ఆలోచన వద్దు. రౌటర్ పోయిన రోజే సాక్ష్యమూ పోతుంది.

సర్వర్లు పెద్దవి అక్కర్లేదు. 8 నుంచి 16 కోర్లు, 64 జీబీ ఈసీసీ ర్యామ్, మిర్రర్ చేసిన ఎన్‌వీఎంఈలు ఉన్న రెండు యంత్రాల మీద ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ సర్వర్లు నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, ఒక్కోదానిలో ఒక ఫ్రీరేడియస్ (లాగిన్లు సరిచూసే రేడియస్ సర్వరు), ఒక అన్‌బౌండ్ డీఎన్ఎస్ పెట్టండి. డేటాబేసు ఒకదానిలో అసలుది, రెండోదానిలో నకలు. నెట్‌వర్కును గమనించే లిబ్రెఎన్ఎంఎస్ ఎక్కడున్నా ఫరవాలేదు. లాగు సర్వరు మాత్రం మూడో యంత్రం కావాలి, దాని డిస్కుల రాత మిగతావాటిని నెమ్మదింపజేయకూడదు.

రేడియస్ దగ్గర ఈ రౌటర్ డిఫాల్టులు మన ఊరికి సరిపడవు. వానాకాలం సాయంత్రం ఒక ఫీడర్ పోయి వచ్చిందనుకోండి, కొన్ని వందల ఓఎన్‌టీలు (ఇళ్లలోని ఫైబర్ పెట్టెలు) ఒకే నిమిషంలో లాగిన్ అడుగుతాయి. రౌటర్ రేడియస్ జవాబు కోసం ఆగేది డిఫాల్టుగా 300 మిల్లీసెకన్లే. డేటాబేసు కాస్త ఆలస్యం చేయగానే అది విఫలమైందనుకుంటుంది, ఓఎన్‌టీ మళ్లీ డయల్ చేస్తుంది, వరస ఇంకా పొడుగవుతుంది. పది నిమిషాలైనా జనం లోపలికి రాలేరు. టైమవుట్‌ను 3 సెకన్లు చేయండి, అకౌంటింగ్ పట్టికకు యూజర్‌నేమ్, ముగింపు సమయం మీద ఇండెక్స్ ఉందో లేదో చూడండి. పీపీపీఓఈ కీప్‌ఎలైవ్ 10 సెకన్ల నుంచి 30కి పెంచండి. ఇంకో చిక్కు: రౌటర్‌కే కరెంటు పోతే సెషన్ ముగిసినట్టు కబురు రేడియస్‌కు చేరదు. పాత సెషన్ ఇంకా ఉందనుకుని, ఒకే లాగిన్ నియమం కింద అసలు కస్టమరునే బయట నిలబెడుతుంది. అకౌంటింగ్ అప్‌డేటు 5 నిమిషాలకోసారి పెట్టి, 15 నిమిషాలుగా అప్‌డేటు రాని సెషన్లను మూసేసే పని సర్వరులో నడపండి. రీచార్జి అయిపోయినవాళ్లను, ప్లాన్ మారినవాళ్లను లైను తెంచకుండా మార్చాలంటే సీఓఏ పోర్టు 3799 తెరిచి ఉంచాలి, అదీ రేడియస్ సర్వర్ల ఐపీలకు మాత్రమే.

స్పీడు కట్టడి గురించి రెండు మాటలు. మైక్రోటిక్ రేట్ లిమిట్‌లో మొదటి అంకె రౌటర్ అందుకునేది, అంటే కస్టమరు అప్‌లోడ్. తిరగేసి రాయడం చాలా మామూలు తప్పు, రెండు వైపులా సమానమైన ప్లాన్లలో అది బయటపడదు కూడా. రెండోది, డిఫాల్ట్ స్మాల్ క్యూలో పట్టేది 10 ప్యాకెట్లే. 100 ఎంబీపీఎస్ దగ్గర అది 1.2 మిల్లీసెకన్ల సరుకు. చిన్న ఉరుకు వచ్చినా ప్యాకెట్లు పడిపోతాయి, స్పీడ్ టెస్టు 100కి బదులు 70 దగ్గర ఊగిసలాడుతుంది. పీపీపీ ప్రొఫైల్‌లో క్యూ రకాన్ని ఎఫ్‌క్యూ కోడెల్‌కి మార్చండి. సీపీయూ కొంత తింటుంది, ఈ పెట్టెకు ఆ శక్తి ఉంది. ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492, దానికి తగ్గట్టు టీసీపీ ఎంఎస్ఎస్ మార్పు ఆన్. ఇది లేకపోతే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు.

ఓఎస్‌పీఎఫ్‌లో (మీ రౌటర్లు తమలో తాము దారులు చెప్పుకునే పద్ధతిలో) కనెక్టెడ్ రూట్లను ప్రకటించకండి. ప్రతి పీపీపీఓఈ సెషనూ ఒక /32 రూటు పుట్టిస్తుంది, వందల మంది ఒకేసారి దిగి ఎక్కితే నెట్‌వర్కు మొత్తం మళ్లీ మళ్లీ లెక్కలు వేసుకుంటూ కూర్చుంటుంది. పూల్ మొత్తాన్ని ఒక బ్లాక్‌హోల్ రూటుగా వేసి అదొక్కటే ప్రకటించాలి.

ఐపీవీ6 మొదటి రోజే ఇవ్వండి. ఐఎస్పీకి /32 దొరుకుతుంది, ఇంటికి /56 చొప్పున పంచినా తరగదు. యూట్యూబ్, ఫేస్‌బుక్ లాంటి భారీ ట్రాఫిక్ న్యాట్‌ను తాకకుండా పోతుంది. ప్రిఫిక్స్ ఎవరికి ఏ సమయంలో ఇచ్చారో కూడా లాగులోకి ఎక్కాలి.

హైదరాబాద్ నేల సంగతి వేరేగా చెప్పాలి. ఉప్పల్‌లోనో ఎల్‌బీ నగర్‌లోనో పాప్ (మీ పరికరాలుండే గది) పెట్టి, హైటెక్ సిటీ వైపు డేటా సెంటర్‌లో అప్‌స్ట్రీం తీసుకుంటే 10 కిలోమీటర్ల ఎల్ఆర్ మాడ్యూల్ చాలదు. 40 కిలోమీటర్లది కావాలి. దాన్ని గదిలో చిన్న ప్యాచ్ కార్డుతో నేరుగా కలిపి పరీక్షిస్తే రిసీవర్ దెబ్బతినవచ్చు, ఆటెన్యుయేటర్ పెట్టాల్సిందే. రెండు ఫైబర్ దారులు కొన్నామంటే సరిపోదు, రెండూ చివరి కిలోమీటరులో ఒకే స్తంభాల మీద వస్తున్నాయేమో నడిచి చూడాలి. 2025 ఆగస్టులో రామంతాపూర్ విద్యుదాఘాత దుర్ఘటన తర్వాత నగరంలో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున తొలగించారు. వినాయక నిమజ్జనం దారుల్లోనూ కిందికి వేలాడే తీగలు తీసేస్తారు. కనీసం ఒక దారి భూమిలోంచి రావాలి. పాప్ గది పైఅంతస్తు రేకుల షెడ్డులో వద్దు, మే నెల వేడికి రౌటర్ కంటే ముందు యూపీఎస్ బ్యాటరీలు చస్తాయి. 2116 రెండు కరెంటు తీగలనూ ఒకే యూపీఎస్‌లో గుచ్చకుండా, ఒకటి యూపీఎస్ ఏకి, ఇంకొకటి బీకి ఇవ్వండి. రాగి తీగ కోసం వాడే 10జీ ఆర్‌జే45 మాడ్యూళ్లు బాగా వేడెక్కుతాయి, పక్కపక్క పోర్టుల్లో పెట్టకూడదు. అసలు ర్యాక్ లోపల డీఏసీ తీగలు (రెండు చివరలా మాడ్యూల్ బిగించి వచ్చేవి) వాడితే ఆ బెడదే ఉండదు.

కొనే ముందు కాగితాల పని ఉంది. 2021 జూన్ 15 నుంచి లైసెన్సుదారులు తమ నెట్‌వర్కులో కలిపే పరికరాలకు ట్రస్టెడ్ టెలికాం పోర్టల్ ద్వారా అనుమతి ఉండాలి. అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే మోడల్ నంబరుతో అది తేల్చుకోండి, రౌటర్లకు ఉండే ఎంటీసీటీఈ (టెలికాం పరికరాల తప్పనిసరి పరీక్ష) సర్టిఫికెట్ కూడా పంపిణీదారును అడగండి. ప్యాచ్ కార్డులు, ర్యాక్ సామాను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గంటలో దొరుకుతాయి, రౌటర్‌కు మాత్రం వారంటీ బిల్లు ఇచ్చే అధీకృత పంపిణీదారుడే కావాలి. చెడితే మర్నాటికి కొత్తది తెచ్చిచ్చే సేవ దీనికి లేదు. ఇదే దీని పెద్ద లోటు, రెండు కొనమనడానికి పెద్ద కారణమూ ఇదే.

మూడు వేల కనెక్షన్లు దాటే ఆలోచన ముందే ఉంటే లినక్స్ మీద అక్సెల్ పీపీపీ అనే పీపీపీఓఈ సర్వర్ సాఫ్ట్‌వేర్ నడిపే దారి కూడా చూడండి. లినక్స్ తెలిసిన మనిషి జీతం మీద ఉంటేనే అది చవక.

మొదటి కస్టమరుకు లైను ఇవ్వకముందు ఒక పరీక్ష చేయండి. పరీక్ష లాగిన్లు యాభై ఎక్కించి, ఒక 2116 కరెంటు తీగలు రెండూ లాగేయండి. యాభై మందీ రెండోదానికి ఎన్ని సెకన్లలో చేరారో చూడండి. ఆ తర్వాత ఒక పబ్లిక్ ఐపీ, ఒక పోర్టు, ఒక సమయం కాగితం మీద రాసి, లాగు చూసే మనిషికిచ్చి ఆ కస్టమరు ఎవరో చెప్పమనండి. పోలీసుల లేఖ వచ్చేది ఈ మూడు అంకెలతోనే. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశం ప్రకారం రౌటర్లు, సర్వర్లు అన్నింటి గడియారాలూ ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలిసి ఉండాలి. వచ్చిన పేరు తప్పయితే ముందు చూడాల్సింది టైమ్‌జోన్: రౌటర్ యూటీసీలో, సర్వరు మన సమయంలో ఉంటే అయిదున్నర గంటల తేడా వస్తుంది, అప్పుడు ఆ పోర్టు మీద ఉన్నది వేరే ఇల్లు.